మడమ విరిగిన తుపాకి

కృష్ణగిరిలో నాలుగు రంగుల అంగళ్ళు ఎక్కి దిగినాను, గిన్నెడు అవిసె గింజల నూనె కోసం. నాలుగో అంగట్లో కూర్చున్న పిలగాడు, మీసం ఇంకా సరిగ్గా మొలవలేదు, నన్ను కిందినించి మీదికి చూసి, "దేనికి తాతా?" అన్నాడు. "పాత కట్టెకి పట్టించాల" అన్నాను. వెంటనే ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టినాడు. ఒక్క పూత చాలంట. అరగంటలో ఆరిపోతుందంట. అద్దం మాదిరి మెరుస్తుందంట. నాయనా, అరగంటలో ఆరేది నాకెందుకు? వారానికి ఆరేది కావాల నాకు. ఆ మాట అంటే వాడు నా వెనక నిల్చున్న మనిషిని చూసి, "మీకేం కావాల సార్?" అన్నాడు.

మీతో వచ్చిన చిక్కే ఇది. ఆలస్యంగా అయ్యే పని ఏదన్నా ఉందంటే, దాంట్లో ఏదో లోపం ఉందనుకుంటారు. మా రోజుల్లో తొందరగా అయిన పనిని అనుమానించేవాళ్ళం. ఆవకాయ మూడో రోజు తిరగ కలపకపోతే ఆవకాయా? కొత్త కుండలో ఆ పూటే నీళ్ళు పోసి తాగుతామా? సున్నం కొని తెచ్చి, నానేసి, నెల రోజులు గుంటలో మగ్గపెట్టి, అప్పుడు కదా గోడకు పూసింది. ఆ గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి, పోయి చూడండి.

నేనుండేది పోచంపల్లి. ఆ పేరు చెప్పగానే పట్టుచీర అంటారు అందరూ. అది భూదాన్ పోచంపల్లి, తెలంగాణలోది. 1951 ఏప్రిల్లో వినోబా నడిచి వస్తే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చిన ఊరు. గొప్ప ఊరే, కాదనను. మాది కృష్ణగిరి జిల్లా పోచంపల్లి. బర్గూరు, మత్తూరు, కావేరిపట్నం చుట్టూ ఉన్న ఊళ్ళ మధ్య ఆదివారం సంత కూడే చోటు. 1965 దాకా మాది సేలం జిల్లా, 2004 దాకా ధర్మపురి జిల్లా, ఇప్పుడు కృష్ణగిరి. ఇంటి గడప దాటకుండానే మూడు జిల్లాలు చూసినాను. తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటాం, తమిళం బయట. బళ్ళల్లో తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం వచ్చినాక పిలకాయలకు తెలుగు అక్షరాలే కరువైపోయినాయి, ఆ సంగతి ఇంకోసారి ఏడుస్తాను. నేను బళ్ళో చేతిపనుల పంతుల్ని. ఉలి ఎట్ల పట్టుకోవాల, చిత్రిక ఎటు తొయ్యాల, ఆకురాయి మీద బరువు ఎంత వెయ్యాల, ఇవి నేర్పించినాను. నేను దిగిపోయినాక మా బళ్ళో ఆ పీరియడ్ లేదు, ఆ గదిలో ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయి.

సరే, తుపాకి సంగతికి వస్తా.

2022లో సేలంలో ఒక వేలం. ఏర్కాడు కొండ మీద ఒక కాఫీతోట చేతులు మారితే, పాత బంగళాలో సామానంతా కిందికి దించి అమ్మకానికి పెట్టినారు. నేను పోయింది ఒక ఉలుల పెట్టె కోసం. అది నాకు దక్కలేదు. ఎవరో ఒక హోటలాయన గోడకు తగిలించుకోవడానికి కొనుక్కుపోయినాడు, ఉలుల్ని! ఆ వేలం కూడా ఏం వేలం చెప్పండి. ఒకాయన ఫోనులో నంబర్లు చూసుకుంటా వేళ్ళు ఎత్తుతాడు, దించుతాడు, అయిపోయింది. మా రోజుల్లో చింతచెట్ల వేలమంటే ఊరి చావడి కాడ జాతర. రోడ్డు పక్క చెట్లకు నంబర్లు వేసి, అరిచేవాడు గుక్క తిప్పుకోకుండా "ఒకటోసారి... రెండోసారి..." అని సాగదీసి, మూడోసారి అనే ముందు ఆగి, జనం మొగాలు చూసేవాడు. ఆ ఆగిన గడియలో ఎందరి గుండెలు ఆగేవో. మా నాయన ఒక ఏడు అట్ల ఆగిన గడియలోనే నోరు జారి పదకొండు చెట్లు పాడేసినాడు. ఆ ఏడాదంతా మా ఇంట్లో చారే.

ఆ సేలం జాబితాలో చివర ఒక వరస ఉంది. జోడు నళికల పాత తుపాకి, పన్నెండు బోరు, పాడైపోయినది. సరుకు లైసెన్సున్న తుపాకుల అంగట్లో భద్రంగా ఉంది, లైసెన్సు కాగితం చూపించగలిగినవాడే పాడాల. పాడినవాణ్ణి నేనొక్కణ్ణే. కాగితాలన్నీ కుదిరి నా పేరుకు ఎక్కేసరికి ఏడు నెలలు. ఇంట్లో మా ఆవిడ, "ఏమప్పా, పాత ఇనుముకి లెక్క కట్టి ఏడు నెలలు తిరుగుతారా ఎవరైనా?" అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. కాని తుపాకి విషయంలో ఆ ఏడు నెలలు తప్పని నేననను. ఈ ఒక్క పనిలో గవర్నమెంటు ఇంకా మా రోజుల్లో మాదిరే నిదానంగా ఉంది, ఉండాల కూడా.

తుపాకి అంటే మీకు సినిమాలో చూసేది. హీరో జేబులోంచి తీస్తాడు, పదిమంది పడిపోతారు. మాకు తుపాకి అంటే చేను. మా నాయనకు పంట కాపలా తుపాకి ఉండేది, మూతిలోంచి మందు దట్టించేది. తెలంగాణ వాళ్ళు బర్మారు అంటారే, అట్లాంటిది. గుట్టల మీంచి పందులు దిగి వేరుశెనగ చేను ఒక్క రాత్రిలో దున్నిపోసేవి. నాయన మంచె మీద కూర్చుని, కొబ్బరి పీచు ఉండ చేసి, మందు మీద ఊచతో దట్టించి, గాల్లోకి ఒక్కటి పేల్చేవాడు. అంతే. ఆ మోత బారూరు చెరువు దాకా పోయేదని మా అవ్వ చెప్పేది. 1959 ఆయుధాల చట్టం చదివి చూడండి, పంట కాపలాకి మూతి మందు తుపాకి కావాలన్నవాడికి లైసెన్సు ఇవ్వమని అందులోనే రాసుంది. ఢిల్లీలో కూర్చుని చట్టం రాసినవాళ్ళకు మా పందుల సంగతి కూడా తెలుసు! అంతకు ముందున్నది 1878 నాటి తెల్లదొరల చట్టం. సొంత నేల మీద మనోడు తుపాకి పట్టాలంటే దొర సంతకం కావాల. అందుకే కదా అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడింది. మూడు ఠాణాల్లో కలిపి దొరికినవి 26 తుపాకులు. ఇరవయ్యారు తుపాకుల కోసం మూడు రోజులు ప్రాణాలకు తెగించినారు. ఇనుముకి అప్పుడు అంత విలువ.

పన్నెండు బోరు అంటే ఏందో మీలో ఎంతమందికి తెలుసు? తెలీదు, నాకు తెలుసు మీకు తెలీదని. ఒక పౌను సీసాన్ని కరిగించి సరిసమానంగా పన్నెండు గుండ్లు పోస్తే, ఒక్కో గుండు ఎంత లావో ఆ గొట్టం బెజ్జం అంత. పదహారు బోరు అంటే పదహారు గుండ్లు, కాబట్టి బెజ్జం చిన్నది. నంబరు పెరిగితే గొట్టం సన్నబడుతుంది. నా మనవడికి ఇది చెప్తే, "ఇంచీల్లో చెప్తే పోయేది కదా తాతా" అన్నాడు. పోయేదిరా, కాని సీసం కరిగిన వాసన పోయేది, తూకంరాయి పోయేది, గుండు పోసిన మనిషి పోయేవాడు. ఇంచీలో ఏం ఉంది?

నా చేతికి వచ్చినప్పుడు దాని అవతారం చెప్తా. కట్టె సన్నగా మణికట్టు మాదిరి ఉండే చోట అడ్డంగా విరిగి ఉంది. ఎవరో మహానుభావుడు దాన్ని జీఐ తీగతో చుట్టి, పైన ఇత్తడి రేకు తొడిగి, చీలలు కొట్టినాడు. అక్రోటు కట్టెకి చీలలు! మడమ చివర చెదలు తినేసి పిడికెడు గుంట. కుడివైపు గుర్రం లేదు, అంటే కొట్టే సుత్తి అన్నమాట, ఎడమది ఒక్కటే బుద్ధిగా మెడ వంచి కూర్చుంది. నళికల మీద తుప్పు, తుప్పు మీద ఎవరో వేసిన నల్ల పెయింటు, పెయింటు మీద మళ్ళీ తుప్పు. రెండు నళికల నడుమ పట్టీ మీద చేసినవాడి పేరు అరిగిపోయి, "మద్రాసు" అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

నళికల అడుగున ఏవో ముద్రలున్నాయి. పదిరోజులు భూతద్దంతో చూసినాను, కంట్లో నీళ్ళు తప్ప అక్షరం కనబడలా. మా మనవరాలు ఇక్కడే సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఉద్యోగం చేస్తుంది. 2021లో స్కూటర్ల కర్మాగారం ఒకటి వచ్చినాక మా ఊరి పక్క రోడ్ల మీద ఆడపిల్లలే డ్యూటీ బస్సుల నిండా. ఆ పిల్ల ఆదివారం వచ్చి, మునివేళ్ళతో కాస్త సుద్దపొడి రాసి, ఫోను లైటు పక్కనించి వాలుగా కొట్టి, ఫోటో తీసి, పెద్దది చేసి చూపించింది. కిరీటం కింద అడ్డంగా రెండు రాజదండాలు, ఇంకో కిరీటం, రాజదండాల కింద 'వి' అన్న అక్షరం. బర్మింగ్‌హాం పరీక్షశాల ముద్రలు. 1813లో పార్లమెంటు చట్టంతో పెట్టిన పరీక్షశాల అది. తయారైన ప్రతి నళికలో మామూలు కంటే ఎక్కువ మందు కూరి పేల్చి, పగలకపోతేనే ముద్ర కొట్టి పంపేవాళ్ళు. వాటి పక్కన ఇంగ్లీషులో "నాట్ ఫర్ బాల్", గుండు వేయొద్దు అని. మూతి కాడ నళిక సన్నం చేసినవాటి మీద 1875 నుంచి 1887 దాకా ఆ పన్నెండేళ్ళు మాత్రమే కొట్టిన ముద్ర అది. అంటే మా తాత పుట్టకముందే ఈ తుపాకి పుట్టింది. నా భూతద్దానికి పదిరోజుల్లో దొరకనిది ఆ పిల్ల ఫోనుకి పది నిమిషాల్లో దొరికింది. ఫోను మంచిదని ఒప్పుకుంటాను. కాని సుద్దపొడి రాయాలని ఫోను చెప్పలేదు, చిన్నప్పుడు నా పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది.

ఇంకొక మాట చెప్పి పెట్టాల. తుపాకి ఇంట్లో విప్పుకుని బాగు చేసుకుంటామంటే కుదరదు. అమ్మడానికే కాదు, రిపేరు చేయడానికి కూడా లైసెన్సు ఉండాల, చట్టం అట్లనే చెప్తుంది. అందుకే ఇనుము పని అంతా సేలంలోనే, లైసెన్సున్న ఒక సాయిబు గారి కాడ. నా కంటే నాలుగేళ్ళు పెద్ద. అంగట్లో ముగ్గురు పనివాళ్ళు ఉండేవాళ్ళంట ఒకప్పుడు, నేను పోయేనాటికి ఆయన ఒక్కడే. కొడుకు దుబాయిలో ఏసీలు బిగిస్తాడు.

నేను తెచ్చింది చూసి ఆయన ఏమన్నాడో తెలుసా? ఏమీ అనలా. నళికల్ని విడదీసి, అడుగు కొక్కాన్ని వేలికి తగిలించుకుని గాల్లో వేలాడదీసినాడు. మెల్లగా గోటి వెనకవైపుతో తట్టినాడు. గంట మోగింది! నిజం చెప్తున్నా, మా ఊరి మారెమ్మ గుళ్ళో చిన్నగంట ఉంటుందే, అట్ల, సన్నగా, చాలాసేపు. సాయిబు కళ్ళు మూసుకుని అది ఆగిపోయేదాకా విన్నాడు. "మాటు ఊడలేదు" అన్నాడు అప్పుడు. నళికలు రెండింటినీ కలిపే మాటు ఎక్కడన్నా వదిలితే ఆ మోత రాదంట, చిల్లుకుండ మాదిరి డబ్బుమంటుందంట. తర్వాత నళికను వెలుతురుకి పట్టి, లోపల గీతలు గుండ్రంగా ఉన్నాయా, ఎక్కడన్నా వంకర పోతున్నాయా చూసినాడు. వంకర ఉంటే అక్కడ నొక్కు పడిందని లెక్క. ఏ మిషనూ లేదు, ఏ స్క్రీనూ లేదు, ఒక చెవి, ఒక కన్ను. ఇట్లాంటి చెవి పెరగడానికి నలభై ఏళ్ళు పడుతుంది. దాన్ని ఎక్కడ కొంటారు మీరు?

ఆయన వారం రోజులు పెయింటు గీకి, తుప్పు తీసి, మళ్ళీ తుప్పు పట్టించినాడు. నవ్వకండి, అదే ఆ పని. తుప్పు పట్టించే మందు పల్చగా తుడిచి, చెమ్మలో ఆరబెట్టి, సన్నగా ఎర్రటి తుప్పు రాగానే బ్రష్షుతో తోమి, మళ్ళీ తుడిచి, మళ్ళీ తోమి. పన్నెండుసార్లు చేసినాడు. అయిదోసారికి నళిక మీద ఏదో కదిలినట్టు కనపడింది. ఎనిమిదోసారికి తెలిసింది. నెమలీకలో కన్ను ఉంటుందే, అట్ల చిన్న చిన్న సుడులు, ఒకదాని పక్కన ఒకటి, నళిక మొదలు నుంచి కొస దాకా. ఆ రోజుల్లో నళిక చేసేవాళ్ళు ఇనుప కడ్డీ, ఉక్కు కడ్డీ పక్కపక్కన పేర్చి, కాల్చి, జడ మాదిరి మెలితిప్పి, ఆ పట్టీని కడ్డీ చుట్టూ చుట్టి సమ్మెటతో అతికేవాళ్ళు. ఇనుము ఒక తీరున తుప్పు పడుతుంది, ఉక్కు ఇంకో తీరున. అందుకే తుప్పు పట్టిస్తేనే ఆ ముగ్గు బయటికి వస్తుంది. నూటముప్పై అయిదేళ్ళకు పైనే అయింది, ఏ కమ్మరి మెలితిప్పినాడో, ఆ మెలిక చెయ్యి తిరిగిన దిక్కు కూడా తెలుస్తా ఉంది. నేను అంగట్లో స్టూలు మీద కూర్చుని చూస్తా ఉంటే సాయిబు టీ తెప్పించినాడు, అది చల్లారిపోయింది.

దీన్ని డమాస్కస్ అంటారు. పేరు విని అంతా మన ఉక్కే అనుకోకండి. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఉంది చూడండి, పరాయి దేశాల బేహారులు వెతుక్కుంటూ వచ్చి కొన్నది, అది వేరే. దాంట్లో ముగ్గు ఉక్కు లోపలే పుడుతుంది, ఎవరూ మెలితిప్పక్కర్లేదు. మా సేలం పక్కన కంజమలై గుట్టలో కూడా మంచి ఇనుప రాయి. హీత్ అనే దొర 1830లో ఆ రాయిని నమ్ముకుని సముద్రం ఒడ్డున పరంగిపేటలో పెద్ద కొలుములు పెట్టినాడు, నిలవలేదు. ఊళ్ళల్లో చిన్న కొలుముల వాళ్ళు మాత్రం తిత్తులు ఊదుకుంటా వందల ఏళ్ళు చేసినారు. తర్వాత ఓడల్లో చవకగా ఇనుము దిగింది, తిత్తులు చల్లారినాయి. అప్పుడు కూడా ఎవరో ముసలాయన అరుగు మీద కూర్చుని నా మాదిరే గొణిగి ఉంటాడు. ఆయన మాట కూడా ఎవరూ విని ఉండరు.

కుడి గుర్రం సాయిబు కొత్తగా చేసినాడు. ఎడమదాన్ని ఎదురుగా పెట్టుకుని, ఇనుప ముద్దను ఆకురాయితో రాసి రాసి. ఇరవై రోజులు. అంతా అయినాక నళికల గోడ మందం కొలిచి, నా మొగం చూసి, "మాస్టరుగారూ, ఇది పేల్చేది కాదు" అన్నాడు. ఇవి నల్లమందు కాలం నళికలు. ఇప్పటి తూటా మందు ఒత్తిడి వేరు. పైగా లోపల తుప్పు తిన్న గుంటలు. వేస్తే నళిక చీలి పట్టుకున్న చెయ్యి పోతుంది. నాకు తెలుసు ఆ మాట వస్తుందని, అయినా కొంచెం మెత్తబడినాను. ఒక్కసారి, మా నాయన మాదిరి గాల్లోకి, ఒక్కటంటే ఒక్కటి... సరే, పోనీ. మీరెవరైనా ఇంట్లో తాతల కాలంది ఉందని, నళిక మీద సుడులున్నాయని, అంగట్లో దొరికిన తూటా పెట్టి చూద్దామనుకుంటే, వద్దు. చూడ్డానికే ఉంచుకోండి.

ఇనుము ఆయనది, కట్టె నాది అని ముందే ఒప్పందం. కట్టె విడదీసి ఇచ్చినాడు, సంచిలో చుట్టుకుని పోచంపల్లి బస్సెక్కినాను. మా ఊళ్ళో ఒక ఆచారి ఉండేవాడు. బండిచక్రాల నుంచి పెళ్ళిపీటల దాకా ఆయన చేతివే. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు ఆ బాడిస, ఉలులు ఇంటి వెనక పెట్టినారు. అడిగితే ఇచ్చేసినారు ఊరికే, "తీసుకుపో మామా, ఎవరికి కావాల" అని. ఒక్కో ఉలి పిడి మీద ఆయన అరచెయ్యి గుంట పడి ఉంది. నా చెయ్యి ఆ గుంటలో సరిగ్గా కూర్చోలేదు, ఆయన ఎడమచేతివాటం. పక్కనే నలభై ఏళ్ళు బతికి, అది నాకు ఆ రోజే తెలిసింది.

తీగ విప్పి, రేకు ఊడబెరికి, చీలలు ఒక్కొక్కటే లాగినాను. కట్టె నిండా నూరేళ్ళ నూనె జిడ్డు. జిడ్డు మీద బంక పట్టదు. సుద్దపొడి ముద్ద చేసి పట్టించి ఎండలో పెడితే, ఎండకు నూనె ఉబికి సుద్దలోకి పోతుంది. తెల్లగా పెట్టినది సాయంత్రానికి బెల్లం రంగుకు వచ్చేది. గీకేసి మళ్ళీ. పదకొండు రోజులు. తర్వాత అతకడం. ఆచారి అయితే వజ్రం వాడేవాడు, తోళ్ళు ఉడకబెట్టి తీసిన బంక, కాస్తే ఇల్లంతా కంపు. ఆ కంపు మా వీధిలో పెళ్ళిళ్ళ సీజను వాసన. ఇప్పుడు అది దొరకలేదు. రెండు ట్యూబులు కలిపే బంక తెచ్చినాను, లోపల కట్టెమేకు పెట్టి అతికినాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాల కాబట్టి చెప్తా, ఆ అతుకు వజ్రం కంటే గట్టిగా ఉంది. కాని వజ్రంతో అతికింది రేపు ఇంకొకడు వేడినీళ్ళతో విప్పి మళ్ళీ బాగు చేయగలడు. ఇది విప్పలేడు. మా కాలపువాడు పని చేసేటప్పుడు తన తర్వాత వచ్చేవాణ్ణి కూడా తలుచుకునేవాడు.

చెదలు తిన్న చోట సాయిబు ఇచ్చిన పాత అక్రోటు ముక్క పొదిగినాను, పోగు పోగుకి కలిసేటట్టు. నొక్కులు పడ్డ చోట్ల తడిగుడ్డ వేసి ఇస్తిరిపెట్టె ఆనిస్తే, ఆవిరికి కట్టె ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. మా ఆవిడ అప్పుడే వచ్చి చూసింది. ఏమీ అనకుండా రెండో గుడ్డ తడిపి ఇచ్చింది. ఆ తర్వాత నూనె. మూడు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దాల, చెయ్యి కాలేదాకా. నూనె తాగేది చేతి వేడికి. ఒక పూత, తర్వాత వారం ఆగాల. ఇంకో పూత, మళ్ళీ వారం. అయిదు నెలలు అట్ల. సాయంత్రం అరుగు మీద కూర్చుని రుద్దుతా ఉంటే, పనినించి వచ్చే పిలకాయలు ఆగి చూసేవాళ్ళు. ఒకడు కూర్చుని, "నేను రుద్దనా తాతా" అని అడిగినాడు. వాడి చెయ్యి మెత్తన, ఫోను పట్టిన చెయ్యి, అయినా వేడి బాగుంది. నాలుగో నెలకి కట్టెలోంచి రంగు లేచింది, చింతపండు రంగు మీద పొగ చారలు. అద్దం మాదిరి మెరవలేదు. మెరుపు లోపల ఉంది.

తుపాకి ముచ్చటంటే వేట గుర్తుకు రాకుండా పోదు. సికింద్రాబాదు పక్క బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ అని ఒకాయన, బెంగుళూరులో ఉండి మా జిల్లా అడవులన్నీ తిరిగినాడు. జౌళగిరి, అంచెట్టి, డెంకణికోట పేర్లు ఆయన పుస్తకాల్లో చదువుతా ఉంటే, మా ఊళ్ళు అచ్చులో ఇంత గొప్పగా ఉంటాయా అనిపిస్తుంది. మా రోజుల్లో పొద్దున్నే చేల గట్ల మీద కౌజులు గుంపులు గుంపులు లేచేవి, కుందేలు అడ్డం రాని రాత్రి లేదు. ఇప్పుడు ఏవి? కర్మాగారాలు వచ్చినాయి, లారీలు వచ్చినాయి, అవి పోయినాయి అని ముప్పై ఏళ్ళుగా అంటా ఉన్నాను. కాని ఆ కౌజుల్ని వల వేసి పట్టి, మిరియాలు కొట్టి వండుకుని తిన్నది మేమే కదా. లారీ తినలేదు. 1972లో చట్టం వచ్చి వేట ఆపింది, ఆపినవాళ్ళు మంచిపని చేసినారు. నా తుపాకి పేలదు, అది కూడా మంచిదే. ఈ రెండు ముక్కలూ రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

2023 చివర్లో సాయిబు కట్టె, ఇనుము కలిపి బిగించినాడు. నళిక మూసినప్పుడు వచ్చే చప్పుడు చెప్పలేను, మంచి పెట్టె మూత పడినట్టు, గాలి కూడా మధ్యలో ఇరుక్కోనట్టు. కూలీ అడిగితే నేను అనుకున్నదాంట్లో సగం చెప్పినాడు. ఇంకొంచెం తీసుకోమంటే, "ఇట్లాంటి పని నా చేతికి మళ్ళీ వస్తుందా" అన్నాడు. నాలుగు నెలలు తిరక్కముందే, 2024 మార్చి 16న ఎన్నికల తేదీలు ప్రకటించినారు. లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పజెప్పమన్నారు. పేలదయ్యా అన్నా వినరు, వినకూడదు కూడా. గుడ్డలో చుట్టి ఇచ్చి, ఓట్ల లెక్కింపు అయిపోయినాక జూన్‌లో తెచ్చుకున్నాను. చెమ్మకి కట్టె మీద తెల్లటి పొర. మళ్ళీ మూడు చుక్కలు, మళ్ళీ అరచెయ్యి. ఆ మెత్తన చేతి పిలగాడు ఈసారి పిలవకుండానే వచ్చినాడు. ఇప్పుడు వాడికి నేను ఆకురాయి పట్టడం నేర్పిస్తున్నాను. ఇంకా మీదికి ఎక్కువ నొక్కుతాడు.

సేలంలో సాయిబు గారి అంగడి పోయిన సంక్రాంతికి మూసేసినారు. ఆయన ఆకురాళ్ళు, గళ్ళు కోసే చిన్న ఉలులు, ఎడమ గుర్రాన్ని చూసి గీసుకున్న కాగితం, అన్నీ ఒక గోనెసంచిలో నా దగ్గర ఉన్నాయి. మీలో ఎవరికన్నా ఈ పనులు నేర్చుకోవాలని ఉంటే, ఆదివారం సంతకు వచ్చినప్పుడు మా ఇంటికి రండి. అరుగు మీదే ఉంటాను. కట్టె మీద చెయ్యి పెట్టి చూద్దురుగాని. చేతులు మాత్రం కడుక్కుని రండి.